లిఫ్టు పైకెళ్తోంది, పక్కకి జరగండి

అద్దాల షాపు, వెనక గది

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఎక్కడ కూర్చుని రాస్తున్నానో పైన రాశా. ఫోన్లో మాట్లాడమంటే నాకు నోరు పెగలదు, నీకు తెలుసు కదా. రాయమంటే తప్పులతోనైనా రాసేస్తా. నవ్వుకోకు.

అమ్మకి వీధి చివర పన్నులాయన కనబడ్డాడంట. అదే, నాన్న లిఫ్టుల కంపెనీ వాళ్ళు జీతంలో పట్టుకున్న పన్ను వెనక్కి రావాలని కాగితాలు పెట్టాడు చూడు, ఆయన. నాన్న ఉన్నప్పుడు పెట్టించినవి అలా ఆగిపోయాయి కదా. ఇప్పుడు పాతవి కూడా కదులుతున్నాయంట. మీవాడిని పంపమ్మా, ఎక్కడిదాకా వచ్చిందో ఎలా చూసుకోవాలో చెప్తా అన్నాడంట. అమ్మ వెంటనే నన్ను తరిమింది. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విప్పా, మళ్ళీ వేసుకున్నా, మళ్ళీ విప్పా. ఆయనే చూసి, లిఫ్టాయన కొడుకువా అన్నాడు. తలూపా.

ఆయన దగ్గరికొచ్చే వాళ్ళందరికీ పాస్‌వర్డ్ ఒకటేనంట అక్కా. ఆయన కూతురి పేరు. అందరివీ గుర్తుపెట్టుకోలేక అలా పెట్టేశాడంట. ఎవరికీ చెప్పకు అని నాకు ఒట్టు పెట్టించాడు. నేనెవరికి చెప్తా, నేను మాట్లాడేదే ఎవరితో.

షాపుకొచ్చి ఫోన్లో పన్నుల సైటు తెరిచా. పాస్‌వర్డ్ కొట్టే ముందు ఒక పెట్టె వస్తుంది. ఇది అసలు సైటో దొంగ సైటో మనకి తెలియాలని, మనం ముందే రాసిపెట్టుకున్న మాట ఒకటి అందులో చూపిస్తుంది. అది మన మాటే అయితే టిక్కు పెట్టి లోపలికి పోవాలి.

ఆ పెట్టెలో ఏముందో తెలుసా. లిఫ్టు పైకెళ్తోంది అని ఉంది.

పొద్దున్నే నన్ను చంకల కింద పట్టుకుని లేపేటప్పుడు నాన్న అనేవాడు కదా. నోటితో టింగ్ అని గంట కొట్టి, లిఫ్టు పైకెళ్తోంది, పక్కకి జరగండి అని. నువ్వూ అమ్మా గోడకి అతుక్కుపోయి, జరిగాం జరిగాం అనేవాళ్ళు. నాకు మీసాలు వస్తున్నా మానలేదు. సిగ్గేసేది నాకు.

టిక్కు పెట్టడానికి చాలాసేపు పట్టింది. అద్దాలాయన వచ్చి, ఏంట్రా మూగోడా, గాజు కోస్తావా ఫోను కోస్తావా అన్నాడు.

లోపల "పరిశీలనలో ఉంది" అని మాత్రం ఉంది. అమ్మకి అదే చెప్పా.

బుడ్డోడు

*

ముసలివాళ్ళ హోము, దుప్పట్ల గది

ఒరేయ్ బుడ్డోడా,

తప్పుల మాట వదిలెయ్. నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు నాలుగు రోజులకి మాట్లాడేది ఒక్క మెసేజ్‌లో రాస్తున్నావ్. ఇక్కడ మా తాతలకి చదివి వినిపిద్దామనుకున్నా, నీ పరువు పోతుందని ఊరుకున్నా.

దుప్పట్లు మడతపెడుతూ చదివాను. ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఒక దుప్పటి మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. అంతే, ఇంకేం అడక్కు.

ఒక సంగతి చెప్తా, పెద్దవాడిలా విను. రెండేళ్ళ కిందట నాన్న పొద్దున పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు. స్టేషన్లో అడిగాం, ఆసుపత్రులన్నీ తిరిగాం. బతికుంటే నాకు ఒక్క ఫోనైనా చెయ్యడా? అమ్మకి కాకపోయినా నాకైనా? నేను ఆయన లేడనే అనుకున్నాను. ఒకరోజు ఈ గదిలోనే తలుపేసుకుని కూర్చుని ఏడ్చాను. ఆరోజుతో సరి.

ఇప్పుడు మీరిద్దరూ నా దగ్గరికి వచ్చెయ్యాలి. ఇక్కడ వంటగదిలో అమ్మకి పని చూస్తానంటున్నారు. కానీ అమ్మ ఆ ఇల్లు వదలదు. ఆయనొచ్చి తాళం చూస్తే ఎలాగే అంటుంది. ఈ డబ్బు కూడా అందుకే అడుగుతోంది, తెలుసా. ఖర్చుకి కాదు. ఆయన పేరు మీద ఏదో ఒకటి ఇంకా కదులుతోందని.

అందుకని వారానికోసారి చూడు, పరిశీలనలో ఉందని చెప్పు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పకు. లేనిపోని ఆశ పెట్టకు.

తింటున్నావా? అద్దాలాయన చేతులకి ఆ తొడుగులు ఇచ్చాడా లేదా?

అక్క

*

అద్దాల షాపు, మెట్ల మీద

అక్కా,

తొడుగులు ఇచ్చాడు. ఆయనవి పాతవి. వేళ్ళ దగ్గర చిరుగులున్నాయి, అంటే చెయ్యి తెగేచోట.

అది కాదు సంగతి. ఆ సైట్లో లోపలికి వెళ్ళగానే పై మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీరు చివరిసారి వచ్చింది ఫలానా రోజు అని. మొదట పట్టించుకోలేదు. నేను వెళ్ళేది ఆదివారం కదా. నిన్న చూస్తే గురువారం అని ఉంది. గురువారం నేను చూడలేదక్కా. ఆరోజు క్షౌరశాల వాళ్ళకి పెద్ద అద్దం బిగించడానికి పోయాం, ఫోను షాపులోనే వదిలేశా.

పన్నులాయనేమోనని అడగడానికి వెళ్ళా. ఈసారి చెప్పులు ఒక్కసారే విప్పా. మీరు గాని తెరిచారా అండీ అని అడిగా. నా గొంతు నాకే వినబడలేదు, ఆయన రెండుసార్లు ఆఁ ఆఁ అన్నాడు. తెరవలేదంట. కూతురికి కాన్పని ఊరెళ్ళి నిన్ననే వచ్చాడంట. మనవడి ఫొటో చూపించాడు. బావున్నాడు అన్నా.

మరి ఎవరు చూశారక్కా?

బుడ్డోడు

*

హోము, దుప్పట్ల గది

దొంగ, ఇంకెవరు. ఊళ్ళో అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే దొంగలు రాకుండా చుట్టాలు వస్తారా? ఆ మహానుభావుడి కూతురి పేరు ఈపాటికి దేశమంతా తెలిసి ఉంటుంది. వెంటనే పాస్‌వర్డ్ మార్చెయ్. అమ్మకి చెప్పావా? చెప్పలేదు కదా?

నువ్వు ఏమనుకుంటున్నావో నాకు తెలుసు బుడ్డోడా. అనుకోకు.

*

ఇల్లు, నీళ్ళ డ్రమ్ము పక్కన

అక్కా,

పాస్‌వర్డ్ మార్చలేదు. మారిస్తే వచ్చేవాడు ఇంక రాలేడు కదా. తిట్టకు, మొత్తం చదివి అప్పుడు తిట్టు.

పెట్టెలో మాట మార్చుకోవచ్చని ఉంది. పాతిక అక్షరాలే పడతాయి. లిఫ్టు పైకెళ్తోంది తీసేసి, నాన్నా నువ్వేనా అని రాశా. రాశాక భయమేసింది, ఆ మాట చెరిపేశానని. మళ్ళీ పెట్టేద్దామనుకుని ఆగా.

తర్వాతి వారం తెరిచా. నా మాట లేదు. లిఫ్టు పైకెళ్తోంది అని మళ్ళీ ఉంది.

నువ్వేమంటావో తెలుసు. దొంగ పాతమాట చూసి ఉంటాడు, అదే మళ్ళీ పెట్టాడు అంటావు. నేనూ అదే అనుకున్నా. అందుకని దొంగకి తెలియనిది అడిగా. అక్క చెప్పు ఎక్కడ పడింది, అని రాశా.

నీకు గుర్తుందా? చిన్నప్పుడు నాన్న నిన్ను పనిలోకి తీసుకెళ్తే లిఫ్టుకీ గడపకీ మధ్య సందులోంచి నీ చెప్పు జారిపోయింది. నాన్న కింద గుంటలోకి దిగి తీసిచ్చాడు. అమ్మకి తెలిస్తే మళ్ళీ పంపదని ముగ్గురం దాచాం. నువ్వు నాకు చెప్పి, ఎవరికైనా చెప్తే చెవి కోస్తానన్నావ్.

రోజూ తెరిచి చూశా. పెట్టె అలాగే ఉంది. అద్దాలాయన ఫోను లాక్కుని గల్లాపెట్టెలో పెట్టేశాడు ఒకరోజు.

ఇవాళ జవాబుంది. 

గుంటలో. ఎడమకాలిది.

అక్కా, నాన్న బతికే ఉన్నాడు.

బుడ్డోడు

*

హోము, వరండా

ఎడమకాలిదే.

నేను తర్వాత రాస్తా.

*

హోము, దుప్పట్ల గది

బుడ్డోడా,

ఇన్నాళ్ళూ రాయలేదని అలిగావా? చేతికేం రాలేదురా.

పోయాడనుకున్నప్పుడు ఏడ్చి ఊరుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలో తెలియట్లేదు. పోయినవాడి మీద కోపం రాదు కదా, అది ఎంత సుఖంగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. పొద్దున ఒక తాతకి మందు వేస్తూ ఊరికే కసిరాను. ఆయన, ఎవరి మీద కోపమమ్మా నా మీద చూపిస్తున్నావ్ అన్నాడు. మా నాన్న మీద తాతా అన్నా. ఆయనెక్కడున్నాడు అన్నాడు. ఫోన్లో అన్నా. ఆ పక్క మంచం తాత నవ్వాడు. నేనూ నవ్వేశా.

బతికి ఉండి రాలేదంటే రావాలనుకోలేదన్నమాట. ఆ ఒక్క ముక్క నువ్వు బుర్రలో పెట్టుకో. ఏ దెబ్బో తగిలి మతి పోయింది, ఎక్కడో చిక్కుకుపోయాడు అనుకోవడానికి లేదు. నా చెప్పు ఏ కాలిదో గుర్తున్నవాడికి ఇంటి దారి గుర్తుండదా?

అమ్మకి చెప్పకు. నా మీద ఒట్టు.

అక్క

*

అద్దాల షాపు, వెనక గది

అక్కా,

ఒట్టు నీ మెసేజ్ వచ్చేలోపే తప్పింది. అమ్మకి చెప్పేశా. నేను చెప్పలేదు అసలు, నా మొహం చూసి అమ్మే కనిపెట్టింది. ఏంట్రా ఏం దాస్తున్నావ్ అని గడ్డం పట్టుకుంది. ఇంక ఆగలేదు.

అమ్మ ఏడవలేదు. నాకు తెలుసు అంది. అంతే. వెళ్ళి టీ పెట్టింది. మూడు గ్లాసుల్లో పోసి, మూడోది మళ్ళీ గిన్నెలో పోసేసింది.

తర్వాత నేను పెట్టెలో ఇంటికి రా నాన్నా అని రాశా. చాలా రోజులు జవాబు లేదు. కానీ వస్తున్నాడక్కా, మూలన రోజు మారుతూనే ఉంది. సోమవారం వచ్చాడు, బుధవారం వచ్చాడు. నా మాట చూస్తున్నాడు, మార్చట్లేదు. గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పి మళ్ళీ వేసుకుంటున్నాడేమో, నాలాగా.

మొన్న మార్చాడు. 

డబ్బు పడ్డాక వస్తా.

చూశావా, వస్తానన్నాడు. చేతిలో డబ్బు లేక మొహం చెల్లక ఆగాడు. అమ్మ కూడా అదే అంది. ఇప్పుడు అమ్మ రోజుకి రెండుసార్లు అడుగుతోంది, ఏమైందిరా కదిలిందా అని. కదిలింది. పరిశీలన అయిపోయింది, "ఆమోదించారు, ఖాతాలో వేయాలి" అని ఉంది. పన్నులాయన ఇంక ఎక్కువ రోజులు పట్టదన్నాడు.

ఇంకోటి. లోపల వేరే పేజీలో అడ్రస్ మారింది. డబ్బు పడాల్సిన ఖాతా కూడా కొత్తది పెట్టాడు. ఫోన్ నంబరు చుక్కలు చుక్కలుగా ఉంది, చివరి రెండు అంకెలే కనబడుతున్నాయి. అడ్రస్ మాత్రం మొత్తం ఉంది. ఫొటో తీసి పంపిస్తున్నా. మ్యాప్‌లో చూశా, నువ్వున్న చోటికి దగ్గరే, బస్సులో ఒక పూట. ఇన్నాళ్ళూ మాకంటే నీకే దగ్గరగా ఉన్నాడు.

నువ్వెళ్ళి చూస్తావా అక్కా? ఏం అడగొద్దు. ఒంట్లో ఎలా ఉందో చూసి వచ్చెయ్ చాలు.

బుడ్డోడు

*

హోము, వరండా

బుడ్డోడా,

సెలవు పెట్టి వెళ్ళొచ్చాను. ఆ ఇల్లు తాళం వేసి ఉంది. ఖాళీ చేసి వెళ్ళిపోయారని పక్కవాళ్ళు చెప్పారు. ఎక్కడికో ఎవరికీ తెలియదంట.

ఇంక ఆ సంగతి వదిలెయ్. ఆ సైటు కూడా తెరవకు. వంటగది పని అమ్మ కోసం ఆపి ఉంచమన్నాను. మీరెప్పుడు బయల్దేరతారో చెప్పు.

అక్క

*

ఇల్లు, గుమ్మంలో

అక్కా,

నీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా. తాళం వేసుంటే ఏం, ఎప్పటికైనా తాళం తియ్యడానికి వస్తాడుగా అంది. ఆ గుమ్మం ముందు కూర్చుంటానంటోంది. ఇక్కడ కూర్చున్నట్టే అక్కడ కూర్చుంటా, నాకేం కొత్తా అంది.

సంచి సర్దేసింది. నాన్నకి కొత్త చొక్కా కొంది. కొలతెంతమ్మా అని కొట్టాయన అడిగితే అమ్మ చేతులు రెండూ చాచి, ఇంత, అని చూపించింది. నాకు సిగ్గేసి పక్కకి తిరిగా. కొట్టాయన నవ్వలేదు. ఆ చేతుల మధ్య టేపు పెట్టి కొలిచాడు.

శనివారం బస్సుకి బయల్దేరుతున్నాం. అద్దాలాయన సెలవిచ్చాడు. నేనే నోరు తెరిచి అడిగా. మూగోడికి మాటలొచ్చాయి అని పక్క కొట్టువాళ్ళని పిలిచి మరీ చెప్పాడు.

ఒక్కటి అర్థం కావట్లేదు. ఖాళీ చేసి వెళ్ళిపోతే సైట్లో అడ్రస్ మార్చాలి కదా. నువ్వు వెళ్ళొచ్చాక కూడా లోపలికి వచ్చాడు, అడ్రస్ మార్చలేదు. నువ్వు చూసింది ఆ ఇల్లేనా? పక్క వీధేమో. మేం వచ్చి సరిగ్గా చూస్తాంలే.

బుడ్డోడు

*

హోము, దుప్పట్ల గది

రావద్దు.

నీతో అబద్ధం ఆడాను. అమ్మని ఆపాలి కాబట్టి నిజం చెప్తున్నా. అమ్మ పక్కన లేనప్పుడు చదువు.

అదే ఇల్లు. తాళం లేదు. కింద వాటా, ముందు రెండు మెట్లు, మెట్ల మీద ప్లాస్టిక్ బకెట్‌లో పూలమొక్క. నేను అవతల గోడ పక్కన నిలబడ్డాను. ఎలా పిలవాలో, పిలిస్తే ఏమనాలో ఆలోచించుకుంటున్నా. దారి పొడుగునా ఆలోచించినవన్నీ మర్చిపోయా.

సాయంత్రం కూరగాయల సంచి పట్టుకుని వచ్చాడు. బానే ఉన్నాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. మెట్ల మీద చిన్న పాప కూర్చుని ఉంది. మూడేళ్ళు ఉంటాయేమో. నువ్వు లెక్కలు వెయ్యొద్దు, నేను వేశా, చాలు. ఆయన సంచి కింద పెట్టి, ఆ పాపని చంకల కింద పట్టుకున్నాడు.

టింగ్ అన్నాడు. లిఫ్టు పైకెళ్తోంది, పక్కకి జరగండి అన్నాడు.

లోపల్నుంచి ఎవరో ఆవిడ నవ్వుతూ, జరిగాం అంది.

నేను గోడకి అతుక్కుపోయి ఉన్నానురా. ఎప్పుడు జరిగానో నాకే తెలియదు. వీపుకి ఇటుకలు గుచ్చుకుంటున్నాయి. జరిగాం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఇటు చూడలేదు. పాపని ఎత్తుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. నేను బస్సెక్కి వచ్చేశా.

ఆయన ఆ సైటు తెరిచేది నీ కోసం కాదు బుడ్డోడా. డబ్బు కోసం. నీ మాట దారిలో అడ్డం వచ్చింది, ఆగి ఒక జవాబు పడేశాడు. డబ్బు పడ్డాక వస్తా అన్నది, నువ్వు పాస్‌వర్డ్ మార్చకుండా ఉండటానికే అనుకుంటున్నా. నా ఆలోచన తప్పైతే బావుండు.

పెట్టెలో ఆ మాట ఉంటే తీసెయ్. అది ఇప్పుడు వేరేవాళ్ళది.

అమ్మకి ఏం చెప్తావో నీ ఇష్టం. నాకు చేతకాదు.

అక్క

*

అద్దాల షాపు, వెనక గది

అక్కా,

నీ మెసేజ్ షాపులో చదివా. అప్పుడే నిలువుటద్దం ఒకటి కొయ్యాల్సి వచ్చింది. చక్రం కత్తి పెట్టి గీత ఒక్కసారే గియ్యాలి, మధ్యలో చెయ్యి ఆగిందంటే అద్దం మొత్తం పోతుంది. ఆగలేదు. గీత మీద ఇటు తట్టి అటు విరిస్తే దారం పెట్టినట్టు వచ్చింది. అద్దాలాయన భుజం తట్టాడు. ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదు.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పా. దారంతా గొణుక్కుంటూ బట్టీ పట్టా. అది నాన్న కాదంటమ్మా, ఎవడో దొంగంట. పన్నులాయన అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టాడు కదా, దాంతో దూరాడంట. అక్క వెళ్ళి కనుక్కుందంట. ఇంక మనం ఆ ఇంటికి వెళ్ళక్కర్లేదంట. ఒక్క గుక్కలో చెప్పేశా. నేలవైపు చూస్తూ.

అమ్మ సంచి దగ్గర కూర్చుని ముడి విప్పింది. బట్టలు ఒక్కొక్కటే బయటపెట్టింది. చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంది.

తర్వాత అడిగింది. "ఆ దొంగకి ఒంట్లో బానే ఉందంట్రా?"

తలూపా.

"చిక్కిపోలేదు కదా?"

లేదంట అన్నా.

చొక్కా నా మీదకి విసిరి, నువ్వేసుకో, దొంగల కోసం దాచుకోవడానికి నా దగ్గర పెట్టెలు లేవు అంది. వేసుకున్నా. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. అమ్మ వెనక్కి తిప్పి ఒకసారి, ముందుకి తిప్పి ఒకసారి చూసింది. చూసి, కాలరు సర్దుతున్నట్టు నా మెడ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అప్పుడు ఏడ్చింది అక్కా. నేను కదల్లేదు.

బుడ్డోడు

*

హోము, వరండా

ఇవాళ దుప్పట్లు ఎవరో మడతపెట్టేశారు, నాకు పని లేదు.

మంచి పని చేశావురా. నేనైతే అలా చెప్పగలిగేదాన్ని కాదు. అమ్మ నిన్న నాకు ఫోన్ చేసి వంటగదిలో గిన్నెలు ఏ సైజులో ఉంటాయి అని అడిగింది. ఇంకేం అడగలేదు. నేనూ చెప్పలేదు. గిన్నెల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

డబ్బు సంగతి ఏమైనా నాకు చెప్పకు. పడితే పడనీ. మీరు వచ్చెయ్యండి.

అక్క

*

బస్టాండు, ఆఖరి బెంచీ

అక్కా,

చెప్పకు అన్నావు గానీ చెప్తా, ఇదే ఆఖరు.

డబ్బు పడింది. "చెల్లించారు" అని పచ్చరంగులో వచ్చింది. నాన్న కొత్త ఖాతాలో.

నువ్వు చెప్పిందంతా నాకు అర్థమైంది. అయినా ఆ ఆదివారం ఇంట్లోనే ఉన్నా. గుమ్మంలో కూర్చున్నా. ఎందుకు కూర్చున్నావ్ అని అమ్మ అడగలేదు. చాట తెచ్చుకుని తనూ పక్కన కూర్చుని గింజలు ఏరింది. అందులో ఏరడానికేం లేదు, శుభ్రంగానే ఉన్నాయి. వీధిలో ఎవరైనా మలుపు తిరిగితే ఇద్దరం ఒకేసారి తలెత్తాం. చీకటి పడ్డాక అమ్మ లేచి, చాట దులిపి, ఈ వారంలో ఇల్లు ఖాళీ చేద్దాం అంది.

ఇవాళ చేసేశాం. అమ్మే తాళం వేసింది. వేసి లాగి చూసింది. నాలుగడుగులు వేసి వెనక్కెళ్ళి మళ్ళీ లాగి చూసింది. ఇంటాయనకి తాళంచెవి ఇచ్చేటప్పుడు, ఎవరైనా వచ్చి అడిగితే అని మొదలుపెట్టి, ఏం లేదులెండి అంది.

అద్దాలాయన చక్రం కత్తి నాకే ఇచ్చేశాడు. అక్కడ కూడా అద్దాలు ఉంటాయి కదరా మూగోడా, మాట్లాడకపోతే ఎవడూ పని ఇవ్వడు, కాస్త నోరు తెరువు అన్నాడు. సరేనండీ అన్నా.

పెట్టెలో ఆ మాట తీసెయ్యమన్నావ్ కదా. అక్కడ డబ్బు పడ్డాక వస్తా అనే ఉంది. అది తీసేశా. ఖాళీగా వదలనివ్వదు అక్కా, ఏదో ఒకటి రాయాల్సిందేనంట. చాలా ఆలోచించా. తిట్టు ఒకటి రాసి చెరిపేశా. అమ్మ బానే ఉంది అని రాసి అదీ చెరిపేశా.

పక్కకి జరిగాం నాన్నా, అని రాశా. పాతిక అక్షరాల్లో పట్టింది.

డబ్బు పడ్డ దగ్గర్నుంచీ రోజూ తెరిచి చూస్తున్నా. చివరిసారి ఎవరు ఎప్పుడు వచ్చారో మూలన ఉంటుంది కదా. నిన్న నేనే. మొన్న నేనే. దానికి ముందూ నేనే.

బస్సొచ్చింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుంటానంటోంది.

బుడ్డోడు